సమజ్ గాలే సారు

హన్మయ్య సారుకు ఎవరేం చెప్పినా మొదటిసారి అర్థం కాదు. బ్యాంకులో చెప్పినా కాదు, బస్సులో కండక్టరు చెప్పినా కాదు, పూజలో పంతులు చెప్పినా కాదు. అవతలి మనిషి మాట ముగించి ఊపిరి పీల్చుకునే లోపల ఆయన ఎడమ చెయ్యి చెవి వెనక్కి పోతుంది, మెడ కొంగలా ముందుకు సాగుతుంది, ఆపైన నలుగురికీ వినపడేలా ఆ మాట వస్తుంది.

“సమజ్ గాలే! జర మల్ల చెప్పున్రి!”

పోనీ చెవుడేమో అనుకుందామా? పక్కింటి పోపులో పడింది ఆవాలో జీలకర్రో ఇంట్లో కూర్చుని చెప్పగల చెవులవి. పోనీ చదువు లేదేమో అనుకుందామా? అసలు తమాషా అక్కడే ఉంది. భువనగిరి చుట్టుపక్కల సర్కారు బళ్లలో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆయన పిల్లలకు చెప్పింది ఇంగ్లీషు. రిటైరై నాచారంలో ఇల్లు కట్టుకున్నాక కూడా రోజూ ఇంగ్లీషు పేపరు ఆ చివర నుంచి ఈ చివరకు నమిలి మింగేవాడు. అదే మనిషి ఉప్పల్‌లో బ్యాంకుకు పోయి, కౌంటరులో అమ్మాయి ఇంగ్లీషులో ఏదో గడగడా చెప్పగానే చెవి వెనక చెయ్యి పెట్టేవాడు. ఆ పిల్ల అదే సంగతి తెలుగులో చెప్పేదాకా అక్కణ్నించి కదిలేవాడు కాదు. వెనక లైను బ్యాంకు గుమ్మం దాటి మెట్ల మీదికి దిగేది. ఆయన వెనకే నిలబడ్డ ముసలమ్మ మాత్రం ఆ తెలుగు మాట శ్రద్ధగా విని, తలాడించుకుంటూ వెళ్లిపోయేది.

దీనికి ఆయన భార్య సత్యవేణమ్మ చెప్పే కారణం ఒక్కటే. “ఏండ్లకేండ్లు పిల్లలను సమజైందా, సమజైందా అని సతాయిచ్చిండు గద. గా పిల్లల ఉసురు తాకింది. గిప్పుడు గీయనకే ఏం సమజైతలేదు.”

సారు చేతిలో అందరికంటే ఎక్కువ అవస్థ పడింది ఆయన కోడలు హరిచందన. ఆ పిల్లది గోదావరి పక్క రామచంద్రాపురం. హబ్సిగూడలో కంప్యూటరు కోర్సు నేర్చుకుంటూ సారు కొడుకు దయాకర్‌ను ఇష్టపడింది. పెద్దవాళ్లు కాస్త గింజుకుని చివరికి ఒప్పుకున్నారు. పెళ్లిమాటలకు హరిచందన నాన్న అచ్యుతరావుగారు నాచారం వచ్చారు. ఆయన రెవెన్యూ శాఖలో చేసి రిటైరైన మనిషి. మంచినీళ్లు అడిగినా శుభలేఖలా అడుగుతారు.

ఆ రోజు అచ్యుతరావుగారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. “ఉభయ కుటుంబాల ఆచార వైవిధ్యాన్ని పరస్పర గౌరవంతో సమన్వయపరచుకుంటూ, మా చిరంజీవిని మీ గృహమందు స్వీయ సంతానంగా పరిగణించగలరని ప్రగాఢంగా విశ్వసిస్తున్నామండి.”

సత్యవేణమ్మ చాలా మర్యాదగా తల ఊపింది. హన్మయ్య సారు చెయ్యి చెవి వెనక్కి పోయింది.

“బావగారూ, సమజ్ గాలే.”

అచ్యుతరావుగారు బిత్తరపోయారు. రెండు సమాసాలు తీసేసి మళ్లీ చెప్పారు. సమజ్ గాలేదు. ఇంకో రెండు తీసేశారు. అప్పుడూ గాలేదు. సమాసాలన్నీ అయిపోయేసరికి ఆయన దగ్గర ఒట్టి తండ్రి మాత్రం మిగిలాడు. “మా పిల్లకి వంట రాదండీ. గారాబంగా పెంచాం. కోప్పడకండి,” అన్నారు.

సత్యవేణమ్మ చటుక్కున లేచింది. “గింతేనా అన్నయ్యా! గీ ముక్కకేనా గంత సేపు? వంట నాకు రాదా ఏంది!”

అందరూ నవ్వేశారు, పెళ్లి కుదిరిపోయింది. పక్కగదిలో పరదా వెనక నిలబడ్డ హరిచందన మాత్రం నుదురు కొట్టుకుంది. ఇంగ్లీషు చెప్పే ఈ మావగారికి తెలుగు రాదన్నమాట అనుకుంది పాపం.

కాపురానికి వచ్చాక ఆ అనుమానం ఇంకా బలపడింది. పెళ్లైన కొత్తల్లోనే ఆలేరు నుంచి హన్మయ్య సారు అక్క దిగింది. ఆమెది గట్టి గొంతు, గట్టి మనసు, అంతకంటే గట్టి భాష. వచ్చిన మర్నాడే వంటింట్లోకి నడిచి, “కోడలా! అర్రల గంజుల అలిసంతలు నానవోసిన. బిరాన వడగట్టి, శిబ్బిల వోసుకరా!” అంది.

హరిచందనకు అందులో తెలిసిన మాట ఒక్క కోడలా మాత్రమే. సినిమాల్లో తన తెలుగు, పుస్తకాల్లో తన తెలుగు, టీవీ వార్తల్లో తన తెలుగు. అదే తెలుగంటే అనుకుంటూ పెరిగిన పిల్ల, ఆ వంటింట్లో నోరు లేనిదైపోయింది. అడుగుదామంటే సిగ్గు. అడిగితే ఆంధ్రా పిల్లకు ఎచ్చులు అంటారేమోనని భయం. బుద్ధిగా తల ఊపి, ఎటు కదలాలో తెలియక అక్కడే నిలబడింది.

వరండాలో పేపరు చదువుకుంటున్న సారు లేచి లోపలికి వచ్చాడు. “అక్కా, సమజ్ గాలే. గంజు అంటే ఏంది?”

అక్క రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది. “నీ తల్కాయ! పుట్టినకాన్నుంచి గంజుల వండింది తిని గింత మనిషివైనవ్, గంజు అంటే ఏందంటవా?”

“మర్సిన.”

“అర్ర?”

“గది గూడ మర్సిన. అలిసంతలైతే ఎన్నడు ఇన్నట్టే లేదు.”

“ఓ సత్తెవేణీ! నీ మొగనికి పిస లేసిందే!” అని అరుచుకుంటూ ఆమె తమ్ముడి చెయ్యి పట్టి లాక్కుపోయింది. ఇది అర్ర అని లోపలి గది చూపించింది. ఇది గంజు అని వంటగిన్నె మీద టంగుమని కొట్టి చూపించింది. గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు బొబ్బర్లు తీసి, ఇవి అలిసంతలు అని ముక్కు దగ్గర పెట్టింది. చిల్లుల పళ్లెం పైకెత్తి, శిబ్బి, శిబ్బి అని పిల్లలకు అఆలు దిద్దించినట్టు పలికించింది. వెనకే నడిచిన హరిచందన అన్నీ చూసుకుని, చల్లగా వెళ్లి బొబ్బర్లు వడగట్టి తెచ్చింది. “సూడు, పరాయి ఊరి నుంచొచ్చిన పిల్లకు తెలిసింది, నీకు తెల్వలే,” అని ఆడబిడ్డ హోదాలో అక్కగారు ఇంకాస్త చురకేసింది.

ఆ సాయంత్రం హరిచందన మొగుడితో గుసగుసలాడింది. “మీ నాన్నగారికి మతిమరుపు మొదలైనట్టుందండీ. డాక్టరుకి చూపిద్దాం.”

“మా నాయన షురూ నుంచి గంతే,” అన్నాడు దయాకర్, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

వీధి చివర కొత్తగా పెళ్లైన జంట ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నారు. పంతులు రైలుబండిలా మంత్రాలు చదివేసి, “మమ అనుకోండి” అంటున్నాడు. పీటల మీద జంట తలలూపుతూ మమ, మమ అంటున్నారు. ముందువరసలో హన్మయ్య సారు. ఇక చెప్పేదేముంది? “పంతులూ, సమజ్ గాలే. గిప్పుడు ఈ పిల్లలు ఏం మొక్కుకున్నరు?” పంతులు తెల్లమొహం వేసి, తెలుగులో చెప్పాడు. కాసేపాగి సారు మళ్లీ అడిగాడు. అలా సాగి సాగి, పొయ్యి మీద పాలు పొంగే వేళకు పిల్లలకూ అర్థమైంది, పంతులుకూ కొంత కొత్తగా అర్థమైంది. ఆ తర్వాత ఆ పంతులు నాచారంలో ఎవరు పిలిచినా, “హన్మయ్య సారు వస్తున్నరా?” అని కనుక్కుని గానీ ఒప్పుకునేవాడు కాదు.

అన్నిటికంటే ఘనకార్యం తెలంగాణ ఉద్యమం రోజుల్లో జరిగింది. ఉప్పల్ చౌరస్తాలో మీటింగు. బస్సు ఆగిపోయి, కూరగాయల సంచీతో హరిచందన, పక్కన మావగారు, జనంలో ఇరుక్కుపోయారు. వేదిక మీద నాయకుడు మైకు కొరికేస్తున్నాడు. “అంతర్గత వలసవాద దోపిడీకి వ్యతిరేకంగా అస్తిత్వ చైతన్యాన్ని నిర్మాణాత్మకంగా సంఘటితపరచవలసిన చారిత్రక సందర్భమిది!” ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగి వచ్చిన జనం ముందువరస చప్పట్లు కొడితే తామూ కొడుతున్నారు, ఆపితే ఆపుతున్నారు.

హరిచందనకు మావగారి మోచెయ్యి లేస్తున్నట్టు అనిపించింది. “వద్దు మావయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను,” అని గొణిగింది. అప్పటికే ఆలస్యమైంది.

“అన్నా! సమజ్ గాలే!”

జనం గొల్లుమన్నారు. నాయకుడు కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. “ఏంది పెద్దమనిషీ, మనోనివేనా?”

“మనోన్నే. గందుకే అడుగుతున్న.”

నాయకుడు మెడలో కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత వాళ్లమ్మతో మాట్లాడే గొంతుతో అన్నాడు. “ఏం లేదు కాకా. మన నీళ్లు మనకు గావాలె. మన కొలువులు మనకు గావాలె. మనం నోరు తెరిస్తే ఎవ్వడు నవ్వద్దు.” అప్పుడు పడ్డ చప్పట్లకు చౌరస్తాలో పావురాలన్నీ లేచిపోయాయి. కూరగాయల సంచీ మొహానికి అడ్డం పెట్టుకున్న హరిచందనకు, కంప్యూటరు కోర్సులో దయాకర్ నోరు తెరిచినప్పుడల్లా తన స్నేహితురాళ్లు నవ్వుకోవడం గుర్తొచ్చింది. సంచీ కొంచెం దించింది.

ఇంతకూ హరిచందనకు ఇంగ్లీషు నేర్పింది ఎవరనుకున్నారు? ఈ సమజ్ గాలే సారే. పెళ్లయ్యాక ఉద్యోగం కోసం ఆమె తిరగని చోటు లేదు. డిగ్రీ చూసి రమ్మనేవాళ్లు, రెండు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడించి పొమ్మనేవాళ్లు. అప్పుడు మావగారు పొద్దున్నే చాయ్ తాగి వరండాలో కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఆ గంటసేపు ఆయన నోట ఇంగ్లీషు తేనెధారలా కారేది. ఒక్కటే ఆంక్ష. ఆమె తల ఊపితే ఒప్పుకునేవాడు కాదు. “తల ఊపకు బిడ్డా. తలకాయకేంది, గాలి కొడితే గూడ ఊగుతది. నోటితోని చెప్పు,” అనేవాడు.

ఆ చదువు ఫలించింది. ఏఎస్ రావు నగర్‌లో కొత్తగా పెట్టిన కంటి ఆస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగం వచ్చింది. కానీ ముందు కొన్నాళ్లు పరీక్షకింద పెట్టారు. ఆ తర్వాతే ఖాయం చేసేది. ఖాయం చేసే కలం త్రిపురసుందరి మేడం చేతిలో ఉంది. ఆస్పత్రి పాలనంతా ఆవిడదే. గంజిపెట్టిన చీర, గంజిపెట్టిన ఇంగ్లీషు. కౌంటరు దగ్గర ఎవరి నోటైనా తెలుగు జారితే ఆవిడ కనుబొమ్మ లేచేది. “ఇంగ్లీషులో చెప్తే పేషెంట్లు ఎదురు ప్రశ్నలు వెయ్యరమ్మా. తల ఊపి వెళ్లిపోతారు. లైను కదులుతుంది,” అని కొత్తగా చేరినవాళ్లకు బోధించేది. హరిచందన అద్దం ముందు నిలబడి గోదావరి యాసను ఇస్త్రీ చేసుకుని, ఆ కనుబొమ్మ లేవకుండా రోజులు నెట్టుకొచ్చింది.

సరిగ్గా ఆ గడువు ముగిసే వారంలో హన్మయ్య సారు కంట్లో శుక్లం ముదిరింది. తమ ఆస్పత్రిలో మంచి డాక్టరుండగా ఇంకెక్కడికో తీసుకెళ్లడానికి కోడలికి మనసొప్పలేదు. తీసుకెళ్లడానికి ధైర్యమూ చాల్లేదు. మింగలేక కక్కలేక చివరికి మావగారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“మావయ్యగారూ, మీరు నాకో మాటివ్వాలి. ఆస్పత్రిలో ఉన్నంతసేపూ ఆ ఒక్క మాటా అనకూడదు.”

“ఏ మాట?”

“అదేనండీ. సమజ్...”

“ఓ, గదా.” సారు గడ్డం గోక్కున్నాడు. “జర మెల్లగనన్న అనొద్దా?”

“అస్సలు అనకూడదు. శుక్రవారం నా సంగతి తేల్చేస్తారు. మీరు అక్కడ చెవి వెనక చెయ్యి పెట్టారంటే నా ఉద్యోగం పోతుంది. మీరు నేర్పిన ఇంగ్లీషుకి వచ్చిన ఉద్యోగమండీ.”

ఆ చివరిమాట సారుకు ఎక్కడో తగిలింది. “సరె బిడ్డా, మాటిస్తున్న,” అన్నాడు. మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, “దగ్గొచ్చునా?” అని అడిగాడు.

“దగ్గండి. దానికేం?”

ఆపరేషన్ చక్కగా జరిగిపోయింది. మర్నాడు పొద్దున కట్లు విప్పి, నల్లద్దాలు పెట్టి, అందర్నీ ఒకే బెంచీ మీద వరసగా కూర్చోబెట్టారు. అదే శుక్రవారం. సారు పక్కన శారదమ్మ అని పీర్జాదిగూడలో అపార్ట్‌మెంట్ల దగ్గర తట్టలు మోసే ఆమె కూర్చుంది. ఆమెది జనగామ దిక్కు. కన్ను తెరుచుకున్న సంబరంలో మాటలు ఆగడం లేదు.

“మంచిగ కనవడుతున్నది సారూ! గా గోడకున్న బల్లి గూడ కనవడుతున్నది. సోమవారం స్లాబ్ ఉన్నది, మేస్త్రి రమ్మన్నడు. కన్ను మంచిగైంది గద, ఇగ రెండు తట్టలు ఎక్కువనే మోస్త!”

కౌంటరులో ఉన్న హరిచందనకు ఆ మాటలు వినపడ్డాయి. మందుల సంచులు సర్దుకుంటూ నవ్వుకుంది.

ఇంతలో డాక్టరుగారు వచ్చారు. వెనకే త్రిపురసుందరి మేడం. డాక్టరు కుర్రవాడు, మంచి హస్తవాసి ఉన్నవాడు, కాకపోతే హడావిడి మనిషి. బెంచీ ముందు నిలబడి ఒక్క ఊపులో చెప్పేశాడు. “సర్జరీస్ అన్నీ సక్సెస్‌ఫుల్. పోస్ట్ ఆపరేటివ్ పీరియడ్‌లో హెవీ లిఫ్టింగ్, స్ట్రెన్యువస్ యాక్టివిటీస్ స్ట్రిక్ట్‌గా అవాయిడ్ చెయ్యాలి. ఐ హైజీన్ మెయింటెయిన్ చెయ్యాలి. ఎనీ డిస్‌కంఫర్ట్, ఇమ్మీడియట్‌గా రిపోర్ట్ చెయ్యాలి. ఓకే?”

బెంచీ పొడుగునా నల్లద్దాల తలలు గంగిరెద్దుల్లా ఊగాయి. శారదమ్మ తల అందరికంటే గట్టిగా ఊగింది.

హన్మయ్య సారు ఎడమ చెయ్యి మోకాలి మీంచి లేచింది. సగం దూరం పోయి ఆగింది. ఆయన కోడలి వైపు చూశాడు. చెయ్యి మళ్లీ మోకాలి మీదికి దిగింది. ఆ తర్వాత దగ్గు మొదలైంది.

అదేం మామూలు దగ్గా? ఒక్కో దగ్గుకూ బెంచీ కదిలింది. దగ్గి, డాక్టరు వైపు చూసి, శారదమ్మ వైపు చూసి, మళ్లీ దగ్గాడు.

“అయ్యో, కాఫ్ మంచిది కాదు, కంటి మీద ప్రెజర్ పడుతుంది! సిస్టర్, సిరప్!” అన్నాడు డాక్టరు. నర్సు పరిగెత్తుకొచ్చి ఆయన నోట్లో మందు పోసేసింది. సారుకు ఉన్న ఆ ఒక్క దారీ మూసుకుపోయింది. మూతి బిగించుకుని, ఎర్రటి మొహంతో, ఇచ్చిన మాటను పంటికింద పట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరు ముందుకు కదిలాడు. మేడం గడియారం చూసుకుంది. శారదమ్మ కొంగు సర్దుకుని లేవబోతూ, మర్యాదకు ఇంకోసారి తల ఊపింది.

ఆ ఊపు హరిచందనకు తెలుసు. నవ్వుతున్న మొహం, ఏమీ తెలియని కళ్లు, గాలి కొడితే ఊగినట్టు ఊగే తల. అది తనదే. గంజు ముందు, శిబ్బి ముందు, ఆలేరు అత్తగారి ముందు ఊగిన తల. ఆ రోజు తన పక్కకు వచ్చి నిలబడి, పుట్టినప్పటి నుంచీ అన్నం తిన్న గిన్నెకు పేరు తెలియదని తిట్లు తిన్నది ఎవరు? పెళ్లిమాటల్లో సత్యవేణమ్మ తల, బ్యాంకులో ముసలమ్మ తల, పీటల మీద జంట తలలు, చౌరస్తాలో ఆ జనం తలలు, తను చూసినవీ విన్నవీ అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్లముందు ఊగాయి. ఏ ఒక్కసారీ ఈయనకు అర్థం కాక అడగలేదు! ఇన్నేళ్లూ ఈ మనిషికి మతిమరుపనుకున్నానే అని సిగ్గుతో చచ్చిపోయింది.

సోమవారం, స్లాబ్, రెండు తట్టలు ఎక్కువ.

కౌంటరు దాటి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఎడమ చెయ్యి చెవి వెనక్కి ఎప్పుడు పోయిందో అంతకంటే తెలియదు.

“సార్! సమజ్ గాలే! జర మల్ల చెప్పున్రి!”

బెంచీ మీది నల్లద్దాలన్నీ ఆమె వైపు తిరిగాయి. టీవీల్లో మీ తెలుగా మా తెలుగా అని రోజూ కొట్టుకుంటున్న రోజులవి. ఓ గోదావరి పిల్ల, ఇస్త్రీ చీర కట్టుకుని, ఆ మాట అంత గట్టిగా అనడం అక్కడెవరూ ఎరగరు. మేడం కనుబొమ్మ లేచి జుట్టులో కలిసిపోయింది. హన్మయ్య సారు నల్లద్దాలు కిందికి జరిపి, కోడల్ని కొత్తగా వెలుగొచ్చిన కంటితో నిండుగా చూశాడు.

డాక్టరు తడబడ్డాడు. “అదే... బరువులు ఎత్తొద్దని...”

“ఎన్నాళ్లు సార్? తట్టలు మోయొచ్చా? వీళ్లకి చెప్పండి,” అంది హరిచందన.

డాక్టరు వెనక్కి వచ్చి, స్టూలు లాక్కుని, శారదమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఆయనది వరంగల్ అని ఆ రోజే అందరికీ తెలిసింది. “సూడు అవ్వా, నెల దాక బరువు ఎత్తొద్దు. కిందికి వంగొద్దు. కంట్ల నీళ్లు, దుమ్ము పడనియ్యొద్దు. నొప్పి లేస్తే గప్పుడే ఉరికి రావాలె.”

“ఎత్తొద్దా!” శారదమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. “సోమవారం స్లాబుకు పోతుంటి గద సారూ!”

డాక్టరు మొహంలో రంగు పోయింది. “పోతే కన్ను పోతది తల్లీ!”

ఇక చూడాలి ఆ బెంచీని. “నేను మూటలు దించొచ్చునా?” అని ఒకరు, “తలకు పోసుకోవచ్చా అండీ?” అని ఇంకొకరు, “పొయ్యి కాడ పొగ వడితే?” అని మరొకరు. ఇప్పటిదాకా ఊగిన తలలన్నిటికీ నోళ్లు మొలిచాయి. డాక్టరు ఒక్కొక్కరికీ కూర్చుని చెప్పాడు.

“మరి మేస్త్రి ఊకుంటడా? ఇంకొకామెను పెట్టుకుంటడు,” అని శారదమ్మ కళ్లలో బెంగ తిరిగింది.

“నేనొస్త నీతోని,” అన్నాడు హన్మయ్య సారు. మాటిచ్చింది ఒక్క మాట గురించే కదా, మిగతావి అనొచ్చు. “నెల దాక నిన్ను సిమెంటు బస్తాల కాడ కావలి కూసోబెట్టుమంట.”

“గట్ల నడవదు అంటే?”

సారు కోడలి వైపు చూసి గొంతు తగ్గించాడు. “అంటే ఏమున్నది? బయటికి పోయినంక నాకు ఏదీ జల్ది సమజ్ గాదు. ఆయన ఒప్పుకునేదాక సమజ్ గాదు.”

శారదమ్మ పకపకా నవ్వింది. హరిచందన కూడా నవ్వబోయింది, కానీ వెనక నుంచి, “హరిచందనా, మై క్యాబిన్” అని వినపడింది.

క్యాబిన్‌లో త్రిపురసుందరి మేడం కుర్చీలో నిటారుగా కూర్చుని, పెద్ద పెద్ద ఇంగ్లీషు వాక్యాలు మొదలుపెట్టింది. హరిచందనకు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. రిసెప్షన్ అన్న మాట వినపడింది, ఇక అక్కడ కుదరదు అన్నట్టు వినపడింది. డాక్టరు అన్న మాటా దొర్లింది. ఉద్యోగం పోయిందని అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా మర్యాదగా తల ఊపింది, బ్యాగు తెచ్చుకుందామని వెనక్కి తిరిగింది. తలుపు మీద చెయ్యేసి ఆగిపోయింది. తలకాయకేంది, గాలి కొడితే గూడ ఊగుతది.

మళ్లీ ఇటు తిరిగింది. “మేడం, క్షమించండి. నాకు సమజ్ గాలేదండి.”

మేడం ఆమెను ఎగాదిగా చూసింది. గంజి ఎక్కడో విరిగింది. “నిన్ను పొమ్మన్లేదే పిచ్చిపిల్లా!” అంది అచ్చమైన తెనాలి తెలుగులో. “నీ ఉద్యోగం ఖాయం చేశాం. రిసెప్షన్ మాన్పించి డాక్టరుగారి పక్కన కూర్చోబెట్టమని ఆయన అడిగారు. పేషెంట్లకి అర్థం కానిచోట నువ్వు ఇందాకటిలా అడ్డం పడాలంట. ఇప్పుడైనా బోధపడిందా, లేక ఇంకోసారి చెప్పాలా?”

“పడిందండీ,” అంది హరిచందన, ఏడుస్తూ నవ్వుతూ. జీతమిచ్చి మరీ సమజ్ గాలే అనమనే ఉద్యోగం లోకంలో ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, నాచారం హన్మయ్య సారు కోడలికి మాత్రం దొరికింది.

మల్లాపూర్ మీదుగా ఆటోలో మావాకోడళ్లు ఇద్దరూ ఇల్లు చేరారు. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి, తల వెనక దిండు సర్దాక, హరిచందన అక్కడే నేల మీద కూర్చుంది.

“మావయ్యగారూ, గంజు అంటే మీకు తెలుసు.”

సారు నల్లద్దాలు సర్దుకున్నాడు.

“అలిసంతలూ తెలుసు. మా నాన్నగారి సమాసాలూ తెలుసు. బ్యాంకు పిల్ల ఇంగ్లీషూ తెలుసు. మీకన్నీ తెలుసు. నాకు ఇవాళ తెలిసింది. మీరు చాలా మంచివారు మావయ్యగారూ.”

హన్మయ్య సారు ఎడమ చెయ్యి మెల్లగా చెవి వెనక్కి పోయింది.

“సమజ్ గాలే.”

హరిచందన అటూ ఇటూ చూసింది. వరండాలో వాళ్లిద్దరు తప్ప ఇంకెవరూ లేరు. ఈ ఒక్కసారికి మాత్రం ఆయన తన కోసమే అడుగుతున్నాడు. ఆమె నవ్వు ఆపుకుని, ఆయన భాషలోకి దిగి గట్టిగా చెప్పింది. “మీరు మస్తు మంచోళ్లంటున్న!”

“ఆఁ, గిప్పుడు జర జర సమజైతున్నది.” సారు కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు. “మంచి మాటనే ఉన్నట్టుంది. ఇంకోపారి చెప్పు బిడ్డా.”

“సంబడం చాలు గని,” అని వంటింట్లోంచి సత్యవేణమ్మ కేకేసింది, “చాయ్ సల్లారుతున్నది. గీ మాటన్న సమజైందా?”

ఆ మాట మాత్రం ఆయనకు మొదటిసారే అర్థమైంది.